గోదావరి డెల్టాలో నేల కోత: శిస్తులు, పట్టాలు, సేద్యం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను గోదావరిలో మేట వేసిన నేల మీద వెలసిన లంక ఊళ్లో పుట్టినవాణ్ణి. కోత అనగానే మా వైపు అందరూ గోదావరినే తిడతారు. అందులో నిజం ఉంది, కానీ సగమే. ఆ నేల ఎవరి చేతిలో ఉంది, ఎన్నాళ్లు ఉంటుంది, దాన్ని ఎలా దున్నారు అన్నది మిగతా సగం. ఊళ్లో కుర్రాళ్లు, గట్టు అవతలి రైతులు, పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి.

డెల్టా అరచేయిలా చదునుగా ఉంటుంది కదా, ఇక్కడ మట్టి కోత ఎక్కడిది?

కొండవాలు మీద వాన పడి మట్టి జారిపోవడం ఒక్కటే కోత కాదు. మన దగ్గర ఏటి ఒడ్డు పెళ్లలుగా విరిగి పడుతుంది. కాలువ గట్లు, డ్రెయిన్ల (మురుగు కాలువల) గట్లు జారిపోతాయి. నాట్ల కోసం నీరు పెట్టి తొక్కించి దమ్ము చేసిన చేలోంచి బురదనీటితో కలిసి మెత్తటి మట్టి వెళ్లిపోతుంది. సముద్రం వైపు తీరం వెనక్కి జరుగుతుంది. ఇవి చాలవన్నట్టు ట్రాక్టర్ల మీద తరలిపోయే మట్టి ఒకటి.

ఇంకో సంగతి. మన డెల్టా మొత్తం ఎక్కడో కోతకు గురైన నేలే. మహారాష్ట్ర నల్లరేగడి, తెలంగాణ ఎర్రమట్టి, మన్యం కొండల మట్టి ధవళేశ్వరం దాటాక నెమ్మదించి, వేల ఏళ్లుగా మేట వేస్తే కోనసీమ అయింది. ఏటా జూన్ నెలాఖరుకో జులైలోనో ఏట్లో ఎర్రనీరు వస్తే పులస కోసం వలలు సర్దుకుంటాం. ఆ ఎరుపు ఎవరిదో చేను. అందుకే ఎగువన ఏం జరిగినా, ఆనకట్టలు కట్టినా, అడవి కొట్టినా దాని లెక్క చివరికి మన దగ్గరే తేలుతుంది.

ఏటి ఒడ్డు అసలు ఎలా తెగుతుంది? వరద ఉద్ధృతికేనా?

బయటివాళ్లు అలాగే అనుకుంటారు. లంకలో ఉన్నవాళ్లకి తెలుసు, వరద పెరిగేటప్పుడు ఒడ్డు నిలబడే ఉంటుంది, తీసేటప్పుడే కూలుతుంది. ఏట్లో నీళ్లు నిండుగా ఉన్నంతసేపు ఆ బరువే ఒడ్డుకి ఆనుకుని దాన్ని కాస్తుంది. నీళ్లు గబగబా దిగిపోతే బయటి ఆసరా పోతుంది, లోపల మట్టి మాత్రం తడిసి బరువెక్కి ఉంటుంది. లంక నేల పైన నాలుగైదు అడుగులు మెత్తటి ఒండ్రు, కింద ఇసుక. లోపల ఊరిన నీరు ఏటివైపు కారుతూ ముందు ఆ ఇసుకను లాక్కుపోతుంది. పైపొర గొడుగులా వేలాడుతూ ఉండిపోతుంది.

2022 జులై వరద, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరద, తీస్తున్న రోజుల్లో మా మావయ్యగారి అరటి తోట చివర నిలబడి చూశాను. ఒడ్డుకి రెండు అంగల ఇవతల నేల మీద వేలు పట్టేంత బీట. పొద్దున్న అంతే. మధ్యాహ్నానికి అందులో చెయ్యి దూరింది. సాయంత్రం గాలి లేదు, అల లేదు, గెలలు వేసిన రెండు చెట్లతో సహా ఆ ముక్క నిలువునా కిందికి దిగింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు, నీళ్లలోకి బస్తా జారవిడిచినట్టు. మావయ్య ఏమీ అనలేదు. మర్నాడు ఇంకో నాలుగు అంగలు వెనక్కి వచ్చి కంచె పాతుకున్నాడు.

దీనికీ శిస్తులకీ, పట్టాలకీ ఏం సంబంధం?

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే ప్రశ్న ఇది. కొంచెం ఓపికగా చదవండి.

1802లో ఉత్తర సర్కారుల్లో (అప్పటి కోస్తా జిల్లాల్లో) కుంపిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ, శాశ్వత శిస్తు పెట్టింది. జమీందారు ఏటా ఇంత అని కట్టాలి, పంట పండినా మానినా. కట్టలేకపోతే జమీ వేలం. పెద్దాపురం, మొగల్తూరు లాంటి జమీలు ఉన్న ఈ ప్రాంతంలో ఒక్కొక్కటే బకాయిల్లో పడి ముక్కలై చేతులు మారాయి. రేపు ఈ ఊరు తనదో కాదో తెలియని జమీందారు చెరువు పూడిక తీయించడు, ఏటిగట్టు పోయించడు. తెగిన గట్లు తెగినట్టే ఉన్నాయి. 1832-33 కరువులో జనం చచ్చిపోయారు, వలసపోయారు. 1844లో హెన్రీ మాంట్గోమరీ అనే అధికారి రాజమండ్రి జిల్లా దుస్థితి మీద విచారణ చేసినప్పుడు, ఊళ్లు పాడుబడిన లెక్క బయటపడింది. ఆ తర్వాతే కాటన్ దొర ప్రతిపాదన ముందుకు కదిలి, 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలై 1852లో పూర్తయింది.

ఆనకట్టతో అన్నం వచ్చింది. ఆ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అయితే దానితోపాటు వచ్చిన రైత్వారీ (రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే పద్ధతి), నీటి తీరువా (నీటి పన్ను) నేల వాడకాన్ని మార్చేశాయి. తీరువా కట్టేది ఎకరాల లెక్కన కాబట్టి రైతు చారెడు నేల వదలడు. పశువుల బీళ్లు వరిచేలయ్యాయి. మనిషి పడుకునేంత వెడల్పున్న గట్లు కాలు పట్టనంత సన్నబడ్డాయి. గట్ల మీద తాటిచెట్లు, తుమ్మలు నీడ పడుతోందని కొట్టేశారు. వేరు పోయిన గట్టు వానకు చేలోకి జారుతుంది, అక్కణ్ణించి పక్కనున్న చిన్న కాలువ బోదెలోకి, బోదెలోంచి డ్రెయిన్‌లోకి.

ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. సర్కారు శిస్తు లెక్క చూసుకుంది, రైతు కడుపు చూసుకున్నాడు. గట్టు సంగతి ఎవరి పద్దులోనూ లేదు.

జమీందారీ రద్దయ్యాక బాగుపడిందా?

హక్కుల విషయంలో చాలా బాగుపడింది. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం రైతును రైతుగా నిలబెట్టింది. అడవుల విషయంలో మాత్రం ఆ రెండు మూడేళ్లు చేటు చేశాయి. ఎలాగూ సర్కారుకు పోయేదే అని తెలిసి ఎస్టేటుదారులు మెరక ప్రాంతాల్లో చెట్లు కొట్టించి అమ్ముకున్నారు. దాన్ని ఆపడానికే 1949లో మద్రాసు ప్రభుత్వం ప్రైవేటు అడవుల పరిరక్షణ చట్టం తేవలసి వచ్చింది. తర్వాత పొగాకు ఆరబెట్టే బ్యారన్లకు కట్టెలు కావలసి వచ్చాయి. మెట్ట ప్రాంతంలో పుట్టిన ఎర్రకాలువ ఆ బోడి నేలల ఎర్రమట్టిని మోసుకొచ్చి పశ్చిమ డెల్టాలో యనమదుర్రు డ్రెయిన్‌లో పోస్తుంది. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల చేలు మునిగినప్పుడల్లా ఆ పూడిక కూడా గుర్తుకు రావాలి.

లంక భూములకు వేరే పద్ధతి ఉందంటారు, నిజమేనా?

నిజమే. నదీగర్భం ప్రభుత్వానిది అన్నది 1905 ఆక్రమణల చట్టం నుంచీ స్పష్టంగా ఉంది. ఏట్లో కొత్తగా లేచిన లంక సర్కారుదే. బ్రిటిష్ కాలం నుంచీ వాటిని వేలం వేసి కౌలుకివ్వడం, తర్వాత కూలీల సహకార సంఘాలకు లీజుకివ్వడం నడిచాయి. గట్టిపడి నిలిచినవి ఏ, కొంత నమ్మదగినవి బీ, ఎప్పుడు ఏట్లో కలుస్తాయో తెలియనివి సీ అని తరగతులు ఉన్నాయి. 2023లో ఏ, బీ తరగతుల సాగుదారులకు పట్టాలు, సీ తరగతికి 5 ఏళ్ల లీజు అన్నారు.

వేలం కౌలు మట్టికి ఏం చేసిందో లంకలో తిరిగితే తెలుస్తుంది. కొత్త లంక మీద ముందు మొలిచేది రెల్లుగడ్డి. దాని వేళ్లే ఇసుకను పట్టి, వచ్చే వరదలో ఒండ్రును ఆపి, నేలను కట్టేది. ఏడాదికో, రెండేళ్లకో పాడుకున్న మనిషికి ఆ గడ్డి అడ్డు. నిప్పు పెట్టి, ఒడ్డు అంచు దాకా దున్ని మొక్కజొన్నో, పొగాకో, బీరపాదో వేస్తాడు. పాట సొమ్ము రాబట్టుకోవాలి కదా. చెట్టు ఎందుకు నాటతాడు, కాపుకొచ్చేసరికి లంక ఇంకొకరి పాటలో ఉంటుంది. ఒడ్డు నుంచి పది గజాలు గడ్డికి వదిలెయ్యండి అనే షరతు ఆ కౌలు కాగితంలో ఉండి ఉంటే ఎన్ని ఎకరాలు నిలిచేవో.

పట్టా వచ్చినవాళ్ల చేలు చూడండి. ఒడ్డుకి కాస్త లోపల కొబ్బరి, మధ్య మధ్య వెదురు. ఆ మనిషే, ఆ నేలే. మారింది కాగితం.

నా పట్టా భూమి ఏట్లో పోయింది. అవతలి ఒడ్డున మేట వేసింది. అది నాకు వస్తుందా?

దానంతట అది రాదు. కొత్తగా మేట వేసిన లంక ప్రభుత్వ భూమి అవుతుంది. మీరు అర్జీ పెట్టుకోవచ్చు, సర్వే చేయించమని అడగొచ్చు. పోయిన నేల రికార్డులో మీ పేరున అలాగే ఉండిపోవడం మామూలే.

మా నాన్నగారి పేరున ఎకరం పావు ఊరి సాగు రికార్డు అడంగల్‌లో ఇప్పటికీ ఉంది. అక్కడ ఇప్పుడు పడవ నడుస్తుంది. నష్టం రాయించుకుందామని ఆయన ఓ కార్యాలయం చుట్టూ మూడేళ్లు తిరిగారు. ‘భూమి చూపించండి’ అన్నారు ఒకసారి. చూపించడానికి ఆయన వాళ్లని రేవు దాకా తీసుకొచ్చి నీళ్లవైపు చెయ్యి చూపారు. ఫైలు మీద ఏం రాశారో మాకు తెలియలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినకుండా పడుకున్నారు. తెగిపోయిన నేలకు మరో చోట నేల ఇచ్చే విధానం గట్టిగా ఉండాలని నేను అడుగుతున్నది అందుకే. ఉన్న అరెకరమూ పోయినవాడు బతకడానికి ఒడ్డు అంచునే దున్నుతాడు, కోత ఇంకా పెరుగుతుంది.

ఎగువ ఏజెన్సీలో పోడు వల్లే ఒండ్రు పూడిక అని చదివాం. గిరిజనులదేనా తప్పు?

ఆ మాట విన్నప్పుడల్లా నాకు కోపం వస్తుంది. పాత పోడులో ఒక చెక్క కొట్టి, రెండు మూడేళ్లు పండించి, పదేళ్లో ఇంకా ఎక్కువో వదిలేసేవారు. అడవి తిరిగి మొలిచేది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చి రిజర్వు అడవులు గీశాక తిరగడానికి చోటు తగ్గింది. అంతకుముందే 1879లో రంప పితూరీ జరిగింది. కల్లు పన్ను, కొండ ఊళ్లలో శిస్తు వసూలు చేసే ముఠాదారు ఒత్తిడి దానికి కారణాలు. 1922-24లో అల్లూరి సీతారామరాజు వెంట మన్యం లేచినప్పుడు పోడు మీద ఆంక్షలు కూడా ఒక మంట. చోటు తగ్గి, జనం పెరిగితే పదేళ్ల విరామం మూడేళ్లకు, రెండేళ్లకు కుదించుకుపోయింది. వేరు మళ్లీ పాతుకునేలోపే గొడ్డలి పడింది. వాలు నేల మట్టి జారిపోయింది. హద్దులు గీసినవాళ్లది ఒక చెయ్యి, కలపకూ వెదురుకూ అడవిని గుత్తకిచ్చినవాళ్లది ఇంకో చెయ్యి. పోడు రైతును ఒక్కణ్ణే బోనులో నిలబెట్టడం న్యాయం కాదు.

ఇప్పుడు హక్కు పత్రాలు ఇచ్చిన చోట జీడిమామిడి, కాఫీ, మిరియం వచ్చాయి. ఆ చెట్లు నిలిచిన వాలు మీద మట్టి కూడా నిలుస్తుంది.

కౌలు రైతు నేలను పాడు చేస్తాడంటారు. మా పొలం కౌలుకివ్వాలా, మానాలా?

కౌలుకివ్వండి, కానీ కాగితం మీద, కనీసం నాలుగైదేళ్లకు ఇవ్వండి. డెల్టాలో సేద్యం చేసేవాళ్లలో కౌలుదారులదే పెద్ద వంతు. మాట మీద నడిచే కౌలే ఎక్కువ. 1956 కౌలు చట్టం కౌలుదారుకు భద్రత ఇవ్వాలని చూసింది, దానికి భయపడి భూస్వాములు రాతకోతలు మానేసి ఏటా మనిషిని మార్చడం అలవాటు చేసుకున్నారు. 2011లో గుర్తింపు కార్డుల చట్టం, 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. 2019 చట్టానికి యజమాని సంతకం కావాలి, ఆ సంతకం దగ్గరే బండి ఆగిపోతోంది.

రెండు పంటలకూ కలిపి ఎకరానికి పాతిక ముప్పై బస్తాలు మక్తా కట్టే మనిషి మినుము తీశాక పచ్చిరొట్ట కోసం జీలుగ చల్లి, కలియదున్ని, వచ్చే ఏడు ఇంకొకరికి సారం అప్పజెప్పి పోతాడా? పోడు. గట్టు వెయ్యడు, బోదె పూడిక తియ్యడు. అతను చెడ్డవాడై కాదు, వచ్చే ఏడు ఆ చేలో అడుగుపెడతాడో లేదో అతనికి తెలియదు. 2011లో కోనసీమ రైతులు సార్వాకు (వానాకాలం వరికి) క్రాప్ హాలిడే, అంటే పంట వెయ్యమని, ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధర గురించి లోకమంతా మాట్లాడింది. చేలో మురుగు దిగకపోవడం, బోదెలు పూడిపోవడం గురించి అంతగా మాట్లాడలేదు.

దమ్ము వల్ల కూడా మట్టి పోతుందా?

పోతుంది, మనకే తెలియకుండా. కేజీ వీల్స్ (ఇనప పట్టీల చక్రాలు) బిగించిన ట్రాక్టరుతో రెండు మూడు సార్లు తొక్కించి, చదును చేశాక చేలో నీరు టీ రంగులో ఉంటుంది. ఆ మెత్తదనంలోనే సారమంతా ఉంది. నాట్లకు మనుషులు రేపే దొరుకుతారని తొందరపడి గండి కొట్టి నీరు తీసేస్తే అదంతా మురుగు బోదె పాలు.

మీరే చూసుకోండి. గండి దగ్గర ఒక గాజు సీసాలో నీరు పట్టి అరుగు మీద పెట్టండి. పొద్దున్నకి అడుగున గోరంత మందాన బురద దిగి, పైన నీరు తేటగా ఉంటుంది. నేను మా అబ్బాయి చేత ఇది చేయించాను. వాడు ఆ సీసా రెండు రోజులు కిటికీలో ఉంచుకున్నాడు. దమ్ము చేశాక ఒక రాత్రో, రెండు రాత్రులో నీరు తేరనిచ్చి, పైనీరు మాత్రమే తియ్యండి. వెదజల్లే పద్ధతి కుదిరే చేలల్లో దమ్ము ఒకసారి తగ్గించండి. వరికోత మిషను వదిలిన గడ్డికి నిప్పు పెట్టకండి.

దాళ్వా (రెండో పంట వరి) కోసి, జూన్‌లో కాలువలు వదిలేలోపు మొదటి వానకు ఎకరానికి పది పన్నెండు కిలోల జీలుగ చల్లి, పూత దశలో కలియదున్నితే నేల గుల్లబారుతుంది. ఎండాకాలం బోసిగా పడి ఉండే నేలకు అదొక దుప్పటి.

చేను మెరకగా ఉంది, నీరెక్కడం లేదు. అడుగు మట్టి అమ్ముకుంటే తప్పా?

మెరక తీయించుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉంది. పైమట్టిని పక్కకు తోడి, అడుగుమట్టి తీసి, పైమట్టిని మళ్లీ పరిస్తే పెద్ద నష్టం లేదు. ఇప్పుడు జరుగుతున్నది అది కాదు. పైమట్టే ఇటుక బట్టీకి మంచిదని దాన్నే తోలుకుపోతున్నారు. ఎకరంలో అడుగు లోతు అంటే 43,560 ఘనపుటడుగులు. తొట్టికి నూరు అడుగుల లెక్కన 430 పైచిలుకు ట్రాక్టర్లు. గోదావరి మనకు ఎన్ని వరదల్లో తెచ్చిపెట్టిందో అది, పదిహేను రోజుల్లో పోతుంది. లంకల్లో ఇలా తవ్వితే గుంటల గుండా వచ్చే వరదకు ఏరు కొత్త దారి పట్టే ప్రమాదం కూడా ఉంది. 2002 వాల్టా (నీరు, నేల, చెట్ల) చట్టం నేలను కాపాడడానికే ఉంది, ఫిర్యాదు చేసే హక్కు మీకుంది.

ఇసుక తవ్వకం?

ఒడ్డుకి దగ్గరగా, లోతుగా తవ్వితే ఒడ్డు పాదం పోయినట్టే. పైన చెప్పిన ఇసుక పొర గుర్తుందిగా, అదే.

రొయ్యల, చేపల చెరువులు తవ్వితే కోత ఎలా అవుతుంది?

1990ల్లో రొయ్య మీద డబ్బు చూసి తీరంలో ఇసుక దిబ్బలు చదును చేశారు, మడ అడవి కొట్టారు. 1994-95లో తెల్లమచ్చ జబ్బుతో చాలా చెరువులు పడుకున్నాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంత రొయ్యల చెరువుల మీద కఠినమైన తీర్పు ఇచ్చింది. కొల్లేటిలో 2006లో చెరువుల గట్లు కొట్టేశారు. అయినా తవ్వకం ఆగలేదు. చెరువు గట్టు మీద గడ్డి ఉండనివ్వరు, అలకు, వానకు జారుతూనే ఉంటుంది, ఏటా మళ్లీ ప్రొక్లెయిన్‌తో పోస్తారు. చెరువు ఉప్పునీటి ఊట పక్క వరిచేలోకి దిగితే ఆ చేలో గడ్డి కూడా మొలవదు. మొలకలేని నేల ముందు కొట్టుకుపోతుంది. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్ పక్కన ఉప్పునీటికి తలలు వాల్చిన కొబ్బరి చెట్లు చూడండి, వేరు చచ్చాక ఆ గట్టును పట్టేదేమిటి?

ఎగువ డ్యాముల్లో మట్టి ఆగిపోతే డెల్టాకు పూడిక తగ్గుతుంది, మంచిదేగా?

కాలువకు మంచిది, డెల్టాకు కాదు. 1970ల్లో ఏటా 15 కోట్ల టన్నులకు దగ్గరగా ఉన్న ఒండ్రు 1990ల్లో 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. జాయక్వాడి, శ్రీరాంసాగర్ లాంటి జలాశయాల్లో అది నిలిచిపోతోంది. సముద్రం మాత్రం తన పని మానదు. ఏరు పోసేది తగ్గితే అల కోసేది పైకి తేలుతుంది. అంతర్వేది వైపు, ఉప్పాడ వైపు జనం ఇళ్లు వెనక్కి కట్టుకుంటున్నారు. ఉప్పాడలో అల తాకిడి మారడం లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి, ఒక్క డ్యాముల మీదే తోసెయ్యలేం. పోలవరం నిండాక ఈ లెక్క ఇంకా మారుతుంది. దాని గురించి ఇప్పటినుంచే మాట్లాడుకోవాలి.

డ్రెయిన్ల పూడిక ఎవరు తియ్యాలి?

ప్రభుత్వమే. 1964లో వేసిన మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగునీటి సమస్య మీద చెప్పిన మాటలు నేటికీ చెల్లుతాయి. కానీ గట్టు పోరంబోకు దున్ని, గట్టును సన్నం చేసింది మనమే. ఆ మట్టే డ్రెయిన్ అడుగున ఉంది.

మా ఒడ్డున ఏం నాటితే నిలుస్తుంది?

ఒడ్డుకి రాతి రివిట్‌మెంట్ (రాతి పరుపు), గ్రోయిన్లు (ఒడ్డు నుంచి ఏట్లోకి కట్టే అడ్డుగోడలు) ప్రభుత్వం పని, అవి లేకుండా ప్రధాన పాయ తాకిడికి గడ్డి ఒక్కటే ఆగదు. చిన్న పాయలకు, కాలువలకు, డ్రెయిన్లకు మాత్రం మనం చేసుకోగలం. వట్టివేరు నాటండి. వేరు నిలువుగా ఆరేడు అడుగులు దిగుతుంది, పక్క పంటకు అడ్డురాదు. జానెడు దూరంలో పిలకలు, ఒడ్డు వాలుకు అడ్డంగా వరసలు. తొలకరి తర్వాత వరదకు ముందు కాదు, వరద తీసిన అక్టోబరు, నవంబరుల్లో తడి నేలలో నాటితే వచ్చే వరదకు కుదురు పడుతుంది. రెల్లు ఉంటే కాల్చకండి. ఉప్పుగాలి తగిలే చోట సరుగుడు, మొగలి. ఏటిమొగల దగ్గర మడ మొక్కలు, తెల్లమడ త్వరగా పట్టుకుంటుంది. ఒడ్డు అంచున కొబ్బరి వద్దు, వేరు లోతుకు పోదు, బరువుకు ఒడ్డునే లాక్కుపోతుంది. అంచు నుంచి పది గజాలు లోపల నాటుకోండి.

పిలకలకు డబ్బు పెట్టక్కర్లేదు. ఒక్క దుబ్బు తెచ్చి పెరట్లో పెంచితే ఏడాదికి పాతిక, ముప్పై పిలకలు విడదీయొచ్చు. మా మావయ్యగారి కంచె దగ్గర నిరుడు వేసిన వరస ఉంది. కావలసినవాళ్లు పార తెచ్చుకుంటే చాలు.